ఎవరూ వాడని వేళ కంప్యూటరు నుంచి డేటా ఎక్కడికి పోతోంది? అప్‌డేట్లు ఆపేయడమే మార్గమా?

పాలకొల్లు సభ్యుడు:
మా ఇంట్లో విండోస్ 11 ఉన్న కంప్యూటరు ఉంది. రొయ్యల చెరువుల లెక్కలు, పిల్లల చదువు అన్నీ దానిమీదే. రాత్రి ఎవరూ ముట్టుకోకపోయినా రౌటర్ లైటు ఆగకుండా మినుకుమంటోంది, నెల తిరగకముందే ప్యాకేజీ అయిపోయి వేగం పడిపోతోంది. రిపేరు కుర్రవాడు అప్‌డేట్లన్నీ ఆపేయమంటున్నాడు, మా బావగారు వైరస్ అంటున్నారు. ఎవరి మాట వినాలో చెప్పగలరు.

అమలాపురం సభ్యుడు:
కుర్రవాడు చెప్పిందే సబబు. మనం డబ్బు పెట్టి కొన్న డేటాను మనల్ని అడగకుండా వాడుకునే హక్కు ఏ కంపెనీకీ లేదు. లంక గ్రామాల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద కంప్యూటరు నడుపుకొనేవారికి పెద్ద అప్‌డేట్ ఒక్కటి వస్తే ఆ రోజు కోటా హరించుకుపోతుంది. నేను విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఆపేశాను.

భీమవరం సభ్యుడు:
అమలాపురం వారి బాధ న్యాయమైనదే గాని, ఆయన సూచించిన మందుతో నేను ఏకీభవించలేను. పాలకొల్లు వారు ముందుగా ఆ లైటును పట్టించుకోవడం మానాలి. ఇంట్లోని ఫోన్లూ టీవీ తమలో తాము సంకేతాలు పంపుకున్నా, లోపలికి దారి దొరుకుతుందేమోనని బయటి నుంచి ఎవరో పోర్టులు వెతికినా అది వెలుగుతుంది కాబట్టి, ఎంత డేటా పోయిందో దాన్నిబట్టి చెప్పలేము. రాత్రి బ్రౌజరు మూసేసి, ఏ ప్రోగ్రామ్ ఎంత డేటా వాడుతోందో చూపే రిసోర్స్ మానిటర్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో సెండ్ అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ పంపే ప్రోగ్రామ్ పై వరుసలోకి వస్తుంది. అక్కడ ఎస్‌వీసీహోస్ట్ (svchost) కనిపిస్తే కంగారు పడనక్కరలేదు, విండోస్ సర్వీసులు చాలావరకు ఆ పేరుతోనే నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో దాన్ని విప్పి చూస్తే లోపల ఉన్నది ఏ సర్వీసో తెలుస్తుంది.

అది డెలివరీ ఆప్టిమైజేషన్ అయితే సంగతి తేలినట్టే. మన కంప్యూటరులోకి దిగిన అప్‌డేట్ ముక్కలను ఇతరుల కంప్యూటర్లకు పంచిపెట్టే ఏర్పాటు అది. ఇంటర్నెట్‌లోని కంప్యూటర్లకు కూడా అని ఎంపికై ఉంటే ముక్కూ మొహం తెలియని వారికి సైతం మన ఖర్చుతో పంపుతుంది. విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో దాని స్విచ్ ఉంది, అక్కడి యాక్టివిటీ మానిటర్‌లో ఈ నెల ఎంత పంపిందో కూడా కనిపిస్తుంది. ఆ ఒక్కటి ఆపితే చాలు. హాట్‌స్పాట్ వాడేవారు ఆ కనెక్షన్‌ను మీటర్డ్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్నదిగా, పెట్టుకుంటే పెద్ద అప్‌డేట్లు వాటంతట అవి దిగవు.

అప్‌డేట్లనే ఆపేస్తే ఏమవుతుందో 2017లో చూశాం. మైక్రోసాఫ్ట్ మార్చి 14న విడుదల చేసిన భద్రతా సవరణ వేసుకోని కంప్యూటర్ల మీదనే మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై విరుచుకుపడింది. నెలనెలా రెండవ మంగళవారం, అంటే మనకు ఆ రాత్రి పొద్దుపోయాక, అప్‌డేట్లు విడుదలవుతాయి. బుధవారం నాడు వాడకం పెరిగితే అనుమానించవలసిన పని లేదు.

నరసాపురం సభ్యుడు:
బావగారి మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేయించుకున్న ఇళ్లలో ఎస్‌వీసీహోస్ట్ అనే పేరే పెట్టుకుని వేరే ప్రోగ్రామ్ నడవవచ్చు. దాని మీద కుడి మీట నొక్కి ఫైల్ లొకేషన్ చూడండి. అది విండోస్ సొంత ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డరు కాక, మామూలు ప్రోగ్రాములు తమ ఫైళ్లు దాచుకునే యాప్‌డేటా అయితే వెంటనే నెట్ తీసేయాలి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైటులో శుభ్రపరిచే టూల్స్ ఉచితంగా దొరుకుతాయి.

పాలకొల్లు సభ్యుడు:
చూశాను. ఫైల్ సిస్టమ్32లోనే ఉంది. యాక్టివిటీ మానిటర్‌లో ఇతరులకు పంపిన లెక్క, మేము దింపుకున్నదానికి ఏమాత్రం తీసిపోలేదు. అది ఆపేశాను. పై వరుసలో, ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచిపెట్టే వన్‌డ్రైవ్ కూడా ఉంది, మేనకోడలి పెళ్లి వీడియోలు డెస్క్‌టాప్ మీద పెట్టినందుకు వాటిని మోసుకుపోతోంది. అప్‌డేట్లను మాత్రం ముట్టుకోలేదు.

అమలాపురం సభ్యుడు:
ఆ స్విచ్ సంగతి నాకు తెలియదు, భీమవరం వారికి ధన్యవాదాలు. సర్వీసును ఈ రాత్రే తిరిగి నడిపిస్తాను. అయితే నా అభ్యంతరం పూర్తిగా తీరలేదు. మన ఇళ్లలో ఉండే హోమ్ ఎడిషన్‌లో, కంప్యూటరు పనితీరు గురించి మైక్రోసాఫ్ట్‌కు వెళ్లే డయాగ్నస్టిక్ డేటాను తగ్గించుకోవచ్చే గాని పూర్తిగా ఆపే వీలు లేదు, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ కొన్న సంస్థలకు మాత్రం ఆ వీలుంది. అది కొద్దిపాటి డేటాయే కావచ్చు, కానీ వద్దనే అవకాశం మనకెందుకు ఉండకూడదో ఎవరైనా చెప్పాలి.