ఎయిర్ ప్యూరిఫయర్ నడిపినప్పుడే క్రిముల కాలనీలు ఎక్కువొచ్చాయి, ఎందుకు?

ప్రశ్న: పడకగది 12×10 అడుగులు, ఎత్తు 10. మిషన్‌లో హెపా ఫిల్టర్ (సన్నని దుమ్మును పట్టేది), యూవీ (అతినీలలోహిత) దీపం, అయొనైజర్ (గాలిలోకి విద్యుదావేశం వదిలేది) మూడూ ఉన్నాయి. డబ్బా మీద ‘99.9 శాతం క్రిములు హతం’ అని రాశారు. న్యూట్రియంట్ అగర్ ప్లేటు (క్రిములు పెరిగే జెల్లీ పోసిన పళ్లెం) గంటసేపు తెరిచి పెడితే, మిషన్ ఆపినప్పుడు 14 కాలనీలు (క్రిములు పెరిగి కనిపించే చుక్కలు), నడిపినప్పుడు 18. మోసమేనా?

జవాబు 1: ఆ రెండంకెలతో ఏమీ తేలదండి. 14 కాలనీలున్న చోట అటూ ఇటూ నాలుగు తేడా మామూలే. ఒక్కో స్థితికి కనీసం ఐదు ప్లేట్లు పెట్టి, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేయండి. ‘ఆఫ్’ అంటే స్విచ్ కట్టేయడం ఒక్కటే చాలదు. ఫిల్టర్ తీసేసి, యూవీ, అయాన్ ఆపి, ఉత్త ఫ్యాన్‌తో కూడా ఒక విడత చేయాలి. ఎందుకంటే ఆ గాలికే నేల మీది దుమ్ము లేస్తుంది.

అగర్ తయారీలోనే చాలామంది దెబ్బతింటారు. లీటరు నీటికి పొడి 28 గ్రాములు. సీసా మూత వదులుగా ఉంచి, కుక్కర్‌లో ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టి 20 నిమిషాలు ఉంచండి. (ఆ కుక్కర్‌ని వంటకు వాడకండి, విడిగా పెట్టుకోండి.) సీసా చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక ప్లేటుకు 20 మి.లీ. పోయాలి. వేడివేడిగా పోస్తే మూతకు చెమ్మ పట్టి, అది కారి కాలనీలు కలిసిపోతాయి. ఒక ప్లేటు అసలు తెరవకుండా ఉంచండి. అందులో ఏదైనా మొలిస్తే ఆ విడతంతా పారేయాల్సిందే. మిగతావి నేలకు మీటరు ఎత్తున, గోడకు మీటరు దూరంలో పెట్టండి. తర్వాత బోర్లించి 30–35 డిగ్రీల్లో 48 గంటలు.

జవాబు 2: మీ 18 వెనక అయొనైజర్ హస్తం కూడా ఉండొచ్చు. విద్యుదావేశం తగిలిన దుమ్ము గోడలకు, నేలకు, మీ ప్లేటుకు త్వరగా అంటుకుంటుంది. గాలి శుభ్రపడుతున్నా ప్లేటు నిండుతుంది! ఆ బటన్ ఆపి మళ్లీ చూడండి. ఘాటు వాసన వస్తే అది ఓజోన్ కావచ్చు, అప్పుడైతే పూర్తిగా ఆపేయడమే మేలు.

ప్రశ్న: మరి చంపుతోందో లేదో ఎలా తెలుస్తుంది? వైరస్‌ల సంగతి?

జవాబు 1: ఇంట్లో తేలదు. వైరస్ అగర్ మీద పెరగదు, దానికి బతికున్న కణాలు కావాలి. హెపా చంపదు, పట్టి ఉంచుతుంది. యూవీ దీపం ముందు గాలి నిలిచేది క్షణమే. కంపెనీని నాలుగు అడగండి: ఎంత పెద్ద గదిలో, ఎంతసేపు, ఏ క్రిమి మీద, మిషన్ లేకుండా దానంతటదే ఎంత తగ్గింది? చిన్న పెట్టెలో గంటలతరబడి నడిపి తెచ్చిన 99.9 మీ గదికి పనికిరాదు.

జవాబు 2: వడకట్టే శక్తి మాత్రం పీఎం 2.5 (గాలిలోని సన్నని ధూళి) మీటరుతో తేలుతుంది. అగరుబత్తి వెలిగించి, అంకె 300 దాటాక ఆర్పి, ఐదు నిమిషాలు పొగ కలవనివ్వండి. మిషన్‌తో 20 నిమిషాల్లో 300 నుంచి 100కు దిగిందనుకుందాం. 300ని 100తో భాగిస్తే 3, దాని సహజ సంవర్గమానం (ln) 1.1; ఇది 20 నిమిషాలకు, కాబట్టి గంటకు 3.3. మిషన్ లేకుండా అదే వ్యవధిలో 270కి దిగితే గంటకు 0.3. తేడా 3. మీ గది 34 ఘనమీటర్లు, కాబట్టి గంటకు సుమారు 100 ఘనమీటర్ల శుభ్రమైన గాలి. దీన్ని డబ్బా మీది సీఏడీఆర్‌తో (మిషన్ ఇచ్చే శుభ్రమైన గాలి రేటు) పోల్చండి.

జవాబు 1: పెరిగిన ప్లేట్లు వాసన చూడొద్దు. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, అందులో ముంచాకే మూత తీసి, అరగంట తర్వాత పారేయండి.