నాన్న పాలసీకి నామినీ ఎవరో తెలుసుకోవడం ఎలా?

పెద్దకూతురు:

నాన్న పోయి నలభై రోజులు దాటింది. బీరువా లాకర్ సర్దుతుంటే ఒక పాత చేతిసంచిలో ఆయన కాగితాలు దొరికాయి. కరెంటు బిల్లులు, స్కూటర్ ఆర్సీ, నా పదో తరగతి మార్కుల లిస్టు, వాటి మధ్యలో 1994 నాటి హోల్ లైఫ్ (జీవితాంతం వర్తించే) బీమా పాలసీ బాండు. నామినీ అన్నచోట మా నాయనమ్మ పేరు టైపు చేసి ఉంది. ఆవిడ పోయి పదకొండేళ్లు.

ఇంకో పాలసీ కూడా ఉంది. దాని బాండు దొరకలేదు, ప్రీమియం రసీదు మాత్రం ఉంది. మొదలైన సంవత్సరం 2003. దానికి నామినీ తనేనని మా బాబాయ్ అంటున్నాడు. "అన్నయ్య నా చేత సంతకం కూడా పెట్టించాడమ్మా, నాకు బాగా గుర్తు" అని. బాబాయ్ చెడ్డవాడేం కాదు, ఆస్పత్రిలో రాత్రుళ్లు మాతోపాటు కూర్చున్న మనిషి. కానీ ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ ఆయనతో సరిగా మాట్లాడటం లేదు, తమ్ముడేమో నా మీద ఎగురుతున్నాడు.

రసీదు పట్టుకుని బీమా కంపెనీ బ్రాంచికి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన "నామినీని తీసుకురండి" అన్నాడు. నామినీ ఎవరో తెలుసుకుందామనే వచ్చానండీ అంటే "ఆ వివరాలు నామినీకే చెబుతాం" అన్నాడు. ఇక ఏం మాట్లాడను?

బాబాయే నామినీ అయితే డబ్బంతా ఆయనదేనా? నాయనమ్మ పేరున్న పాలసీ సంగతేంటి?

రిటైర్డ్ గుమాస్తా:

అమ్మా, ముందు ఆ 1994 బాండు వెనక్కి తిప్పి చూడండి. అందరూ మొదటి పేజీ చదివి మడిచేస్తారు. నామినీని మారిస్తే మొదటి పేజీలో పేరు కొట్టేయరు, వెనక ముద్ర వేసి రాస్తారు. లేదంటే చిన్న చీటీ అంటిస్తారు. మీ నాన్నగారు పెళ్లికి ముందు తీసుకున్న పాలసీ అయితే, తర్వాత మీ అమ్మగారి పేరు పెట్టించి ఉండే అవకాశం ఉంది. వెనక ఏమీ లేకపోయినా ఆశ వదులుకోకండి, చెల్లేది బ్రాంచి రికార్డులో ఉన్న పేరే. నిజంగానే మార్చకపోయి ఉంటే, నామినీ ముందే పోయారు కాబట్టి డబ్బు వారసులకు వస్తుంది. దానికి మాత్రం కాస్త తిరగాలి.

ఇక కౌంటర్ సంగతి. నోటితో అడిగితే అలాగే అంటారు. మేమూ అనేవాళ్లం, అబద్ధం ఎందుకు. మరణ ధ్రువపత్రం, మీ ఆధార్, ఆయన కూతురని చూపించే కాగితం ఒకటి జతచేసి, "పాలసీదారు మరణించారు, క్లెయిమ్ ఫారాలు ఇప్పించండి, రికార్డులో ఉన్న నామినీ పేరు తెలపండి" అని బ్రాంచి మేనేజర్ పేరిట రాతపూర్వకంగా ఇవ్వండి. రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్ర పడ్డాక వాళ్లు ఏదో ఒకటి చెప్పక తప్పదు. అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.

బాండు పోయిందని కంగారు పడకండి, ఇండెమ్నిటీ బాండు (తర్వాత నష్టం వస్తే మేం భరిస్తామనే హామీ పత్రం) రాసిస్తే సరిపోతుంది. అలాగే చివరి ప్రీమియం ఎప్పుడు కట్టారో చూడండి.

వకీలు గారి అబ్బాయి:

బాబాయ్ నామినీ అయినా డబ్బు ఆయనది అయిపోదు. నామినీ అంటే కంపెనీ దగ్గర డబ్బు తీసుకునే మనిషి మాత్రమేనని, అది వారసులకే చెందుతుందని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. 2015లో ఇన్సూరెన్స్ చట్టం 39వ సెక్షన్ మార్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలుగా ఉంటే వాళ్లే హక్కుదారులని అందులో రాశారు. పాలసీదారు తమ్ముడు, అంటే మీ బాబాయ్, ఆ జాబితాలో లేడు. కాబట్టి బాబాయ్ తీసుకున్నా వారసులకు ఇవ్వాల్సిందే. హిందూ వారసత్వ చట్టం వర్తిస్తే మీ అమ్మగారికి, మీకు, మీ తమ్ముడికి సమానంగా వస్తుంది.

ఆ 2015 మార్పును ఇంకోలా చదివిన హైకోర్టు తీర్పులూ ఉన్నాయి. గొడవ ముదిరితే వకీలును కలవండి. ముదరకముందే బాబాయ్‌తో కూర్చుని మాట్లాడితే ఖర్చు తక్కువ.

పాస్‌బుక్ పిచ్చోడు:

నాన్నగారి బ్యాంకు పాస్‌బుక్‌లో మే, జూన్ నెలలు చూడండి. 436 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షలు వస్తాయి. మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎంట్రీలు వేయిస్తే బయటపడింది. ఆ క్లెయిమ్ బ్యాంకులోనే పెట్టాలి.

పెద్దకూతురు:

అందరికీ థాంక్స్. నిన్న మళ్లీ వెళ్లొచ్చాం.

గుమాస్తా గారూ, మీరు చెప్పినట్టే ఉంది. బాండు వెనక ఊదా రంగు ముద్ర, సగం చెరిగిపోయింది. ఫోన్ లైటు వేసి చూస్తే అమ్మ పేరు, 1996. పిన్ను తుప్పు పట్టి సరిగ్గా తేదీ మీద మరక పడింది. అమ్మ దాన్ని చేత్తో తడుముతూ చాలాసేపు కూర్చుంది. ఆయన మార్పించిన సంగతి తనకు ఇన్నాళ్లూ తెలియదట.

రెండోది వింటే మీరు నవ్వుతారు. నామినీ బాబాయ్ కాదు, మా తమ్ముడు. అప్పుడు వాడికి పదకొండు నెలలు. మైనరు కాబట్టి వాడి తరఫున డబ్బు తీసుకునే అపాయింటీగా బాబాయ్ పేరు పెట్టారు, ఆయన సంతకం పెట్టింది అక్కడ. అంటే బాబాయ్ అబద్ధం చెప్పలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఎవరికి గుర్తుంటుంది? అమ్మే ఆయనకు ఫోన్ చేసింది.

నా పేరు రెండింట్లోనూ లేదు. కాస్త చివుక్కుమంది, దాచను. తమ్ముడు మాత్రం ఇంటికొచ్చే దారంతా నోరెత్తలేదు.

ఇప్పుడు కొత్త టెన్షన్. రికార్డులో నామినీ పేరు "బుజ్జిబాబు" అని ఉంది. అప్పటికి వాడికి ఇంకా పేరు పెట్టలేదు!

రిటైర్డ్ గుమాస్తా:

ఇలాంటివి ఎన్ని చూశామో. "చంటి" పేరు మీద కూడా క్లెయిమ్ ఇచ్చాం. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఒకటి, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి సర్టిఫికెట్ ఒకటి పెట్టండి. మీ తమ్ముడికి ఇప్పుడు మైనారిటీ తీరింది కాబట్టి అపాయింటీ సంతకం అక్కర్లేదు. అయినా మీ బాబాయ్ గారిని సాక్షిగా రమ్మనండి, వస్తారు.