బోటు గేజీల ముళ్లన్నీ ఒకేసారి ఎగురుతున్నాయి, సెండర్లు మార్చాలా?

కమ్మింగ్, జార్జియా నుంచి

అందరికీ నమస్తే. లేక్ లేనియర్‌లో వారాంతాల్లో తిరగడానికి 2001 మోడల్ సెకండ్ హ్యాండ్ బోరైడర్ (ముందు భాగంలో కూడా సీట్లుండే మోటారు బోటు) కొన్నాను. ఇంజిన్ మెర్‌క్రూజర్ 4.3 వీ6, కార్బ్యురేటర్‌ది. న్యూట్రల్‌లో గేజీలన్నీ బుద్ధిగా ఉంటాయి. 3,000 ఆర్‌పీఎం దాటేసరికి టెంపరేచర్ 160 నుంచి 210 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఎగబాకుతుంది, ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, వోల్ట్‌మీటర్ 14 నుంచి 11కి పడిపోతుంది. కాసేపటికి వాటంతట అవే సర్దుకుంటాయి. విచిత్రం ఏంటంటే, అదే సమయంలో సగం ఉన్న ట్యాంకు ముప్పావు చూపిస్తుంది! బ్లోయర్ (ఇంజిన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) స్విచ్ వేసినా ఇదే వరస. అలారం మాత్రం మోగలేదు.

మెరీనా మెకానిక్ సెండర్లు (ఇంజిన్‌లో, ట్యాంకులో ఉండి గేజీలకు కొలత పంపే సెన్సర్లు), గేజీలు అన్నీ మార్చాలన్నాడు. వెయ్యి డాలర్ల పైమాటే. ఇండియా నుంచి వచ్చిన మామగారు డ్యాష్ పక్కనే కూర్చుని, ముల్లు కదిలినప్పుడల్లా "అల్లుడుగారూ, ఒడ్డుకు పోనివ్వండి" అంటున్నారు. ఇంజిన్ కన్నా ఆ టెన్షన్ ఎక్కువైంది.

డాలస్ నుంచి

టెంపరేచర్ సెండర్ పెద్ద ఖరీదేం కాదు బ్రో, ముందు అది మార్చి చూడు. నాకు అదే పోయింది. థ్రెడ్లకు టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టకు. ఒంటి వైరు సెండర్‌కి దాని బాడీయే గ్రౌండ్ (ఎర్త్), అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి.

హ్యూస్టన్ నుంచి

టేపు మాట నిజమే. కానీ పెట్రోలు తాగుతున్న ఇంజిన్‌కి ట్యాంకు నిండుతుందా తమ్ముడూ? నీ జవాబు అక్కడే ఉంది. సెండర్లన్నీ కూడబలుక్కుని ఒకే క్షణంలో చెడిపోవు. ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు గాల్వెస్టన్ బేలో నాదో చిన్న బోటు. నాలుగు ముళ్లు కలిసి ఆడితే నేను ముందు చూసేది ఎర్త్.

గేజీ వెనక వైర్లు బిగించే మరలు, అంటే స్టడ్లు, మూడుంటాయి. 'ఐ'కి ఇగ్నిషన్ ఊదా వైరు, 'జీ'కి నల్ల ఎర్త్ వైరు, 'ఎస్'కి సెండర్ వైరు. అమెరికా బోట్లలో ఫ్యూయల్ సెండర్ ఖాళీ ట్యాంకుకి 240 ఓములు, నిండితే సుమారు 33. టెంపరేచర్‌దీ అదే తీరు, వేడెక్కేకొద్దీ ఓములు తగ్గుతాయి. అంటే 'ఎస్' వైపు కరెంటు ఎక్కువైతే ముల్లు పైకి. డ్యాష్ ఎర్త్ బలహీనపడితే 'జీ' దారిలో కరెంటు తగ్గి 'ఎస్'ది పైచేయి అవుతుంది. అందుకే వేడి, ఆయిల్, పెట్రోలు మూడూ పైకి. వోల్ట్‌మీటర్‌కి సెండర్ లేదు, అందుకే కిందికి.

మల్టీమీటర్ డీసీ వోల్టుల్లో పెట్టు. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద పెట్టాలి. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. ఎర్రది 'జీ' స్టడ్ మీద. కీ, బ్లోయర్, నావిగేషన్ లైట్లు ఆన్ చెయ్. పావు వోల్టు దాటితే దొంగ ఆ దారిలోనే ఉన్నాడు. ఇంజిన్ హార్నెస్ (వైర్ల కట్ట), డ్యాష్ హార్నెస్ కలిసే చోట పది పిన్నుల గుండ్రటి రబ్బరు ప్లగ్ ఉంటుంది, చుట్టూ హోస్ క్లాంపుతో. నాకు దాని మీదే అనుమానం. బిల్జ్‌లో (బోటు అడుగు భాగంలో) పెట్రోలు వాసన లేదని చూసుకుని, బ్యాటరీ విప్పేసి, అప్పుడు ప్లగ్ లాగు.

అన్నీ మార్చెయ్యడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

టాంపా నుంచి

ఎర్త్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ముల్లు అబద్ధమని తేలేదాకా ఇంజిన్ వేడెక్కుతోందనే అనుకోండి. ఇంపెల్లర్ (ఇంజిన్‌ని చల్లబరిచే నీటిని తోడే పంపులోని రబ్బరు చక్రం) ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కైనా గుర్తుందా? తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ తీసుకెళ్లి, వేగం తగ్గించిన వెంటనే థర్మోస్టాట్ హౌసింగ్ మీద కొట్టి చూడండి. ఇంకోటి, కీ ఆన్ చేశాక ఇంజిన్ స్టార్ట్ కాకముందు అలారం మోగుతోందా? అప్పుడే మోగకపోతే, నీళ్ల మీద మోగలేదని మురిసిపోవడానికి లేదు.

కమ్మింగ్, జార్జియా నుంచి

అలారం మోగుతోంది. గన్‌తో కొడితే 160 దరిదాపుల్లోనే ఉంది, అప్పుడే డ్యాష్ మీద 205! మీటర్‌లో 0.9 వోల్టులు వచ్చింది. ప్లగ్ విప్పితే నల్ల వైరు పిన్ను మీద పచ్చటి చిలుము, పక్కన ప్లాస్టిక్ కాస్త కమిలింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, డైఎలెక్ట్రిక్ గ్రీజు రాసి బిగించాను. ఇప్పుడు 0.1. ముళ్లు కదలట్లేదు. కానీ ఆ పిన్ను వదులుగా అనిపిస్తోంది.

హ్యూస్టన్ నుంచి

చీలిక ఉన్న పిన్ను అయితే సన్నటి బ్లేడుతో రవ్వంత విడదియ్యి, పట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ కమిలిందంటే చాలాకాలంగా అక్కడ వేడి పుట్టింది, మళ్లీ వదులవుతుంది. డ్యాష్ నల్ల బస్ బార్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) నుంచి బ్యాటరీ నెగటివ్‌కి టిన్ పూత రాగి వైరు, మందం 10 ఏడబ్ల్యూజీ (అమెరికా వైర్ల కొలత), వేరుగా లాగేస్తే మంచిది. అయితే ముందు బ్యాటరీ నుంచి ఇంజిన్ బ్లాకుకి వెళ్లే లావు కేబుల్ రెండు కొసలా శుభ్రం చేసి బిగించు. అది వదులుగా ఉంటే స్టార్టర్ కరెంటు నీ కొత్త వైరు గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది.