జాకులా మొదటి ఆల్బమ్‌కి ఏ సంవత్సరం వేయాలి? 1969 లేక 2001?

రికార్డుపురుగు:
ఇటలీ ప్రోగ్ (ప్రోగ్రెసివ్) రాక్‌లో క్షుద్రవిద్యల దారి పట్టిన బృందాల మీద టైమ్‌లైన్ తయారుచేస్తున్నాను. జాకులా దగ్గర చిక్కుపడింది. వాళ్ల మొదటి ఆల్బమ్ 'ఇన్ కౌడా సెంపర్ స్టాట్ వెనెనుమ్' ఒకచోట 1969, ఇంకోచోట 2001 అని ఉంటోంది. ఏది వేయాలి? ఆంటోనియస్ రెక్స్‌ని వేరే బృందంగా చూపాలా? వినడం దేనితో మొదలుపెట్టాలి?

ఆర్గన్‌గోల:
రెండు గడులు పెట్టండి: రికార్డు చేసిన ఏడు, జనం చేతికొచ్చిన ఏడు. ఈ బృందం విషయంలో ఒక్క గడితో పని జరగదు.

గట్టి నేల 1972. ఆ ఏడాది ది రోజర్స్ అనే రికార్డు కంపెనీ లేబుల్ మీద 'టార్డో పేడే ఇన్ మాజియామ్ వెర్సుస్' వచ్చింది, దాని తేదీ మీద ఎవరికీ పేచీ లేదు. గిటార్ ఆంటోనియో బార్తొచ్చెట్టి, ఆర్గన్ చార్లెస్ టైరింగ్, గాత్రం డోరిస్ నార్టన్. ఆమె పేరు అందులో 'ఫియామా డెల్లో స్పిరిటో' అని ఉంటుంది. వాద్యగాళ్ల సరసన ఫ్రాంజ్ పార్తెంజీని మీడియంగా, అంటే ఆత్మలను పలికించే మనిషిగా వేశారు. ఆ ఒక్క వివరంతోనే వీళ్లు ఏ ధోరణి మనుషులో తెలిసిపోతుంది.

ఆంటోనియస్ రెక్స్‌ని కొనసాగింపుగానే చూపండి. బార్తొచ్చెట్టి, నార్టన్ ఇద్దరూ అందులోనూ ఉన్నారు. 'నేక్వే సెంపర్ ఆర్కుమ్ టెండిట్ రెక్స్' 1974 నాటిది, బయటికొచ్చింది 2002లో. 'జోరా' మాత్రం 1977లోనే వచ్చేసింది.

నల్లపళ్లెం:
1969 గడిలో 'బృందం చెప్పిన ప్రకారం' అని తప్పకుండా రాయండి. కొద్ది ప్రతులే వేసి, దుకాణాలకు ఇవ్వకుండా రహస్య సంఘాలకు పంచామన్నది వాళ్ల మాట. అందరికీ అందింది 2001లో, జెనోవాలోని బ్లాక్ విడో రికార్డ్స్ ద్వారా.

అనుమానమంతా గిటార్ మీదే. బరువైన గిటార్ మోతకు పేరుపడ్డ ఇంగ్లండు బృందం బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరిలో వచ్చింది. దానికంటే ముందే ఇంత దట్టమైన డిస్టార్షన్ (గిటార్ స్వరాన్ని గరగరలాడించడం) ఉందంటే నమ్మడం కష్టం. హెడ్‌ఫోన్స్‌లో వినండి: ఆర్గన్ పెద్ద చర్చిలో మోగుతున్నట్టుంటుంది, గిటార్ చెవి పక్కనే ఉంటుంది. రెండూ ఒకే గదిలోవి అనిపించవు. గిటార్ తర్వాత ఎక్కించారని చాలామంది అనుకునేది అందుకే. నా ఓటూ అటే, కానీ చెవి సాక్ష్యంతో తేదీ తేల్చలేం. పేరు వల్ల కూడా తేలదు: జాకులా అనే రక్తపిశాచి కామిక్ ఇటలీలో మొదలైంది సరిగ్గా 1969లోనే, కాబట్టి ఆ పేరు ఆ ఏడాదికీ సరిపోతుంది, తర్వాతి ఏళ్లకూ సరిపోతుంది.

మాట్రిక్స్‌చూపు:
పాత ఇటాలియన్ ఎల్‌పీ అంటూ ఏదైనా కంటపడితే ముందు పళ్లెం నడుమ అంటించిన లేబుల్ కాగితం మీద ఎస్ఐఏఈ (ఇటలీ రచయితల, స్వరకర్తల హక్కుల సంఘం) ముద్ర చూడండి. తర్వాత పళ్లేన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, ఆఖరి పాట గాడి అయ్యాక లేబుల్ దాకా ఉన్న నున్నటి పట్టీ చూడండి. ఇటలీ ప్రెస్సింగులలో చాలావాటికి అక్కడ రోజు, నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అది మాస్టర్ (అచ్చుకు మూలమైన పళ్లెం) కోసిన తేదీ, విడుదల తేదీ కాదు. అదే స్టాంపర్‌తో, అంటే పళ్లేలు అచ్చు వేసే లోహపు మూసతో, మళ్లీ అచ్చు వేస్తే పాత తేదీయే పడుతుంది, కాబట్టి కవరు, లేబుల్ అచ్చు కూడా కలిపి చూస్తేనే నమ్మాలి.

వినడానికి 'టార్డో పేడే'లోని 'ప్రేసెంటియా డోమిని'తో మొదలుపెట్టండి. ఆర్గన్ మీద మంత్రం చదివినట్టు సాగుతుంది, ఈ బృందం పద్ధతి అంతా అందులో దొరుకుతుంది. తర్వాత 'జోరా'. 'ఇన్ కౌడా' చివరికి ఉంచండి. 1972 శబ్దం చెవిలో కుదురుకున్నాక వింటే ఆ గిటార్ ఎక్కడ అతకలేదో మీకే పట్టుబడుతుంది.