షాఫ్టు ఎర్రబడే వేళకు ఐజీబీటీలు పోతున్నాయి: ఇండక్షన్ హీటర్‌కు ప్రిడిక్టివ్ కంట్రోల్ పనికివస్తుందా?

ప్రశ్న (అనంతపురం):
అందరికీ నమస్కారం. ట్రాక్టర్ పనిముట్ల షాఫ్టులకు హార్డెనింగ్ చేసే చిన్న షాపు మాది. షాఫ్టును కాయిల్‌లో పెట్టి, హై ఫ్రీక్వెన్సీ కరెంటుతో కాచే ఇండక్షన్ హీటర్ వాడుతున్నాము. దాని ఇన్వర్టర్ ఫుల్ బ్రిడ్జి (నాలుగు స్విచ్‌లది), సిరీస్ రెసొనెన్స్ (కాయిల్, కెపాసిటర్ వరుసగా కలిపినది) రకం. కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు. లోపల చల్లటి షాఫ్టు ఉన్నప్పుడు కాయిల్ ఇండక్టెన్స్ 20 మైక్రోహెన్రీలు. 12 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, పవర్ తగ్గితే ఫ్రీక్వెన్సీని దించే, పెరిగితే ఎత్తే పీఐ కంట్రోలర్ (తేడాను, పోగైన తేడాను బట్టి సరిదిద్దేది) పెట్టుకున్నాము. షాఫ్టు ఎర్రబడే సమయానికి కరెంటు ఒక్కసారిగా ఎగిసి, ఆ వెంటనే పడిపోయి, ఐజీబీటీలు (ఇన్వర్టర్‌లోని పవర్ స్విచ్‌లు) కాలిపోతున్నాయి. మోటారు డ్రైవులలో వాడే ప్రిడిక్టివ్ కంట్రోల్‌ను (తర్వాత ఏమవుతుందో ముందే లెక్కించి నిర్ణయించే పద్ధతిని) దీనికి పెట్టవచ్చునా?

జవాబు (కడప):
నమస్కారమండీ. కంట్రోలర్ పేరు మార్చే ముందు అసలు ఏమి జరుగుతున్నదో చూద్దాము. మీరిచ్చిన విలువలతో చల్లటి షాఫ్టుకు రెసొనెన్స్ (కరెంటు అత్యధికంగా పారే సహజ ఫ్రీక్వెన్సీ) సుమారు 11.25 కిలోహెర్ట్జ్ వస్తుంది కనుక 12 దగ్గర నడిపితే లోడు ఇండక్టివ్‌గా ఉండి (కరెంటు వోల్టేజి కన్నా వెనకబడి), స్విచ్‌లు సున్నా వోల్టేజి దగ్గర ఆన్ అవుతాయి. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది. అప్పుడు ఇండక్టెన్స్ 14 మైక్రోహెన్రీలకు పడిందనుకుంటే రెసొనెన్స్ సుమారు 13.45 కిలోహెర్ట్జ్‌కు పెరుగుతుంది. అది 12ను దాటి పైకి పోయే క్షణంలోనే మీ కరెంటు ఎగిసేది. దాటిన తర్వాత లోడు కెపాసిటివ్ అవుతుంది (కరెంటు వోల్టేజి కన్నా ముందుంటుంది). అక్కడ ఫ్రీక్వెన్సీని దించితే పవర్ ఇంకా తగ్గుతుంది. పవర్ తగ్గిందని మీ పీఐ మళ్ళీ దించుతుంది. ఫ్రీక్వెన్సీకీ పవర్‌కూ ఉన్న సంబంధం తిరగబడిన సంగతి దానికి తెలియదు. పైగా డయోడ్ల రివర్స్ రికవరీ కరెంటు (అవి ఆగే క్షణంలో వెనక్కి పారేది) భారమంతా ఐజీబీటీల మీద పడుతుంది.

మోటారు డ్రైవులలో ప్రతి శాంపిల్‌కూ స్విచింగ్ స్థితులన్నిటినీ పరీక్షించి ఒకదానిని ఎంచుకునే పద్ధతిని నేను ఇక్కడ సూచించను. 12 కిలోహెర్ట్జ్ వద్ద ఒక సైకిలు 83 మైక్రోసెకన్లే. అందులో పదిసార్లు శాంపిల్ చేసి లెక్క ముగించడం చిన్న ప్రాసెసర్‌కు కష్టం, పైగా స్విచింగ్ క్షణం కరెంటు సున్నాతో ముడిపడి ఉండాలి. ప్రతి సైకిలుకు ఒకసారి వోల్టేజి, కరెంటుల ప్రాథమిక భాగాలను, వాటి మధ్య ఫేజ్ కోణాన్ని (కరెంటు ఎంత వెనకబడిందో తెలిపేది) కొలవండి. కెపాసిటర్ విలువ తెలిసినదే కనుక వాటి నుంచి ఇండక్టెన్స్, రెసిస్టెన్స్ రెండూ దొరుకుతాయి. ఆ విలువలతో, అందుబాటులో ఉన్న కొన్ని ఫ్రీక్వెన్సీలకు వచ్చే సైకిలులో పవర్ ఎంత ఉంటుందో, ఫేజ్ కోణం ఎంత ఉంటుందో ముందే లెక్కించి, కోణం కనీస హద్దుకన్నా తగ్గే ఫ్రీక్వెన్సీలను పక్కనపెట్టి, మిగిలినవాటిలో కోరిన పవర్‌కు దగ్గరైనదానిని ఎంచుకోవాలి. మీకు ప్రిడిక్టివ్ కంట్రోల్ వలన కలిగే నిజమైన లాభం ఈ హద్దును పాటించడమే.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఇండక్టెన్స్ అంత త్వరగా మారుతుంటే అంచనా వెనకబడిపోదా?

జవాబు (కడప):
పడదండీ. ఆ మార్పు సెకనులో పదోవంతులోనే జరిగిందనుకున్నా, ఆలోపు 1200 సైకిళ్ళు గడుస్తాయి. జాగ్రత్త పడవలసినది లెక్కకు పట్టే ఒక సైకిలు ఆలస్యం విషయంలో. ఇప్పుడు కొలిచినది వచ్చే సైకిలుకు కాక ఆపై సైకిలుకు వర్తిస్తుంది కనుక అంచనాను రెండు అడుగులు ముందుకు వేయాలి.

జవాబు (కర్నూలు):
పై సూచనతో ఏకీభవిస్తాను. అయితే కొత్త ప్రోగ్రామును నేరుగా పూర్తి పవర్ మీద ప్రయత్నించవద్దని నా మనవి. ముందు తక్కువ వోల్టేజితో పరీక్షించాలి. కానీ తక్కువ డీసీ వోల్టేజి మీద షాఫ్టు 770 డిగ్రీలకు చేరదు కాబట్టి, అసలు సమస్య పరీక్షలో కనిపించదు. దీనికొక ఉపాయం ఉంది: అదే వ్యాసంతో ఒక మైల్డ్ స్టీల్ కడ్డీని, ఒక 304 స్టెయిన్‌లెస్ కడ్డీని చివర చివర వెల్డింగ్ చేయించండి. 304కు అయస్కాంత గుణం దాదాపు ఉండదు కనుక చల్లగా ఉన్నప్పుడే కాయిల్‌కు అది కాగిన ఉక్కులాగా కనిపిస్తుంది. వేరియాక్‌తో వోల్టేజి తగ్గించి, ఇన్వర్టర్ నడుస్తుండగా ఆ కడ్డీని మైల్డ్ స్టీల్ వైపు నుంచి 304 వైపుకు కాయిల్‌లో జరపండి. వెల్డు కాయిల్ మధ్యకు వచ్చే సమయంలో ఆసిలోస్కోపు మీద ఫేజ్ కోణాన్ని చూడండి; వెనక్కి లాగేటప్పుడు కూడా చూడండి, ఎందుకంటే వేడి షాఫ్టును తీసి చల్లటిది పెట్టేటప్పుడు అదే మార్పు తలకిందులుగా జరుగుతుంది.