రక్తం ట్యూబును నేరుగా అనలైజర్‌లో పెట్టాలా, సీరాన్ని కప్పులోకి మార్చాలా?

చర్చ ప్రారంభించినవారు:
మా ల్యాబులో కొత్త బయోకెమిస్ట్రీ అనలైజర్ పెట్టారు. సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పిన పసుపు మూత జెల్ ట్యూబును (రక్తకణాలను, సీరాన్ని వేరుచేసే జెల్ ఉన్న ట్యూబు), మూత తీసి అలాగే ర్యాకులో పెట్టవచ్చని ఇంజనీరు చెప్పారు. మా సీనియర్ గారు మాత్రం సీరాన్ని, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే పసుపు ద్రవాన్ని, పిపెట్‌తో కప్పులోకి తీసి పెట్టడమే మేలంటున్నారు. మీరు ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో దయచేసి తెలుపగలరు.

టెక్నీషియన్, గుంటూరు:
మీ సీనియర్ గారి మాటే సరైనది. రక్తం పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్‌లో వేస్తే సీరంలో సన్నని తెల్లటి ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రొటీన్) పోగు మిగిలిపోతుంది. అది ప్రోబ్‌కు, అంటే శాంపిల్‌ను పీల్చే యంత్రపు సూదికి, అడ్డుపడితే యంత్రం తక్కువ సీరం పీల్చుకుంటుంది, ఫలితాలన్నీ తక్కువగా వస్తాయి. పిపెట్ పట్టినప్పుడు ఆ పోగు మన కంటికి కనిపిస్తుంది.

బయోకెమిస్ట్, వరంగల్:
ఫైబ్రిన్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ దానికి పరిష్కారం కప్పు కాదు, ఓపిక. జెల్ ట్యూబును కనీసం 30 నిమిషాలు నిలబెట్టి ఉంచాలి. రక్తం పలుచబడే మందులు వాడేవారి ట్యూబుకు ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి. సీరాన్ని కప్పులోకి మార్చిన క్షణంలో మనం పోగొట్టుకునేవి రెండు: బార్‌కోడ్, మూత రంగు. ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులోని ప్లాస్మా (గడ్డకట్టని రక్తంలోని ద్రవం), సీరం కప్పులో పడ్డాక చూడటానికి ఒకేలా ఉంటాయి. ఆ ప్లాస్మాలో పొటాషియం విపరీతంగా పెరిగి, కాల్షియం పడిపోయి కనిపిస్తుంది.

నేను గతంలో పనిచేసిన ఒక ల్యాబులో జరిగినది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. పేరు లేని రెండు కప్పులు ర్యాకు సరిచేసేటప్పుడు తారుమారై, డయాలసిస్ రోగికి చెందిన 6.4 అనే ఎక్కువ పొటాషియం ఫలితం కాన్పుకు వచ్చిన ఒక అమ్మాయి రిపోర్టులోకి ఎక్కింది. ఆమె డాక్టరు గారు అనుమానించి ఫోన్ చేయబట్టి సరిపోయింది, కానీ ఆ డయాలసిస్ రోగికి తన అసలు ఫలితం అందేసరికి సాయంత్రమైంది.

పిల్లల ఆసుపత్రి ల్యాబ్, హైదరాబాద్:
పెద్దవారి విషయంలో మీరు చెప్పింది నిజమే గానీ, నెలల పాప నుంచి వచ్చేది అర మిల్లీలీటరు రక్తమే. అందులో సీరం 200 మైక్రోలీటర్లు వస్తే గొప్ప. ట్యూబులో అది జెల్ మీద పలుచని పొరలా ఉంటుంది. ప్రోబ్ జెల్‌లోకి దిగితే ఆ పూటకు యంత్రం ఆగినట్టే. పాపను మళ్ళీ గుచ్చమని ఏ తల్లికి చెప్పగలం?

బయోకెమిస్ట్, వరంగల్:
అక్కడ కప్పు తప్పనిసరి, నేను కాదనను. అయితే కప్పును ఒంటరిగా పెట్టకండి. మీ యంత్రం అనుమతిస్తే, ఒక ఖాళీ ట్యూబుకు ఆ రోగి బార్‌కోడ్ రెండో ప్రతిని నిలువుగా, ముడతలు లేకుండా అంటించి, కప్పును ఆ ట్యూబు నోట్లో కూర్చోబెట్టండి. మార్చే ముందు మూత రంగును, పేరును ఇద్దరు చదవాలి. కప్పు నింపిన వెంటనే నడపండి. ఏసీ గాలిలో మూత లేకుండా గంటసేపు ఉంటే నీరు ఆవిరై సోడియం, కాల్షియం పెరిగినట్టు చూపుతాయి.

టెక్నీషియన్, గుంటూరు:
ఖాళీ ట్యూబు పద్ధతి మా దగ్గర లేదు. మా ర్యాకులో 13 మిల్లీమీటర్ల ట్యూబులు పడతాయి. వాటి నోట్లో మా కప్పు కదలకుండా కూర్చుంటుందో లేదో రేపు ఉదయం రోగుల శాంపిళ్లు రాకముందే నీళ్లతో చూసి ఇక్కడ రాస్తాను.