పిల్లలకు గూగుల్‌లో వెతకడం ఎలా నేర్పుతున్నారు?

సోషల్ మాస్టారు:
మాది జిల్లా పరిషత్ హైస్కూలు. మొన్న తొమ్మిదో తరగతి వాళ్లకి పొట్టి శ్రీరాములు గారి మీద ప్రాజెక్టు ఇచ్చాను. ముప్పై నాలుగు మందీ ఒకటే పేరా పట్టుకొచ్చారు, అక్షరం పొల్లుపోకుండా. ఆయన ఆంధ్రప్రదేశ్ కోసం నిరాహారదీక్ష చేసి ప్రాణాలిచ్చారట. ఆయన పోయింది 1952 డిసెంబరులో. మరుసటి ఏడాది అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా వచ్చింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956లో. "ఎక్కడ చూశావురా?" అంటే "గూగుల్‌లో సార్" అంటాడు, గూగుల్ అంటే మా ఊరి కరణం గారైనట్టు.

వాళ్లని తిట్టి లాభం లేదు, నేనెప్పుడూ నేర్పింది లేదు. క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది, నెట్ దానికి దయ కలిగినప్పుడు వస్తుంది. వారానికి ఒక పీరియడ్ తీయగలను. ఎక్కణ్ణించి మొదలుపెట్టమంటారు?

బయాలజీ మేడమ్:
మాస్టారూ, మా పిల్లలు పుస్తకంలో ప్రశ్న ఉన్నదున్నట్టు దించేస్తారు, చివర ప్రశ్నార్థకంతో సహా. అందుకే ఫోన్ ముట్టుకోకముందే రఫ్ నోట్‌బుక్‌లో మూడు మాటలు రాయమంటాను. తెలుగులో విభక్తులు తీసేయించండి. "శ్రీరాములుగారి దీక్షకు గల కారణములు" బదులు "పొట్టి శ్రీరాములు దీక్ష 1952" అని కొడితే చాలు. తులసి గురించి వెతికితే మావాళ్లకి సినిమా వచ్చి పడింది. అప్పుడు మైనస్ గుర్తు చూపించాను: తులసి -సినిమా. గుర్తుకీ మాటకీ మధ్య ఖాళీ ఉండకూడదు. ఆ ఒక్క ఖాళీ దగ్గర సగం పీరియడ్ పోయింది.

రిటైర్డ్ మాస్టారు:
పరీక్ష హాల్లో గూగుల్ ఉండదు నాయనా. ముందు సిలబస్ పూర్తి చేయండి.

లైబ్రరీ మనిషి:
పెద్దవారు, కాదనను. కానీ ఆ పిల్లలు హాలు బయటికొచ్చాక మిగతా బతుకంతా ఫోన్‌లోనే కదండీ వెతుక్కునేది.

సోషల్ మాస్టారూ, మీ ముప్పై నాలుగు మంది తెచ్చిన ఆ పేరానే పాఠం చేయండి. అందులోంచి ఒక వాక్యం తీసి, అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టి వెతికించండి. అదే వాక్యం ఎన్ని సైట్లలో ఉందో వాళ్లే చూస్తారు. "పది చోట్ల ఉంది కాబట్టి నిజం" అనేవాడికి, పది మందీ ఒకడి నోట్సు చూసి రాశారని అప్పుడు తెలుస్తుంది. కాపీ కొట్టడం ఎలా ఉంటుందో వాళ్లకి మనం చెప్పాలా! పైన పెట్టెలో వచ్చే జవాబు దగ్గరే ఆగనివ్వకండి, కింద మూడు పేజీలు తెరిపించండి. నెట్ సంగతంటారా, ముందురోజు రాత్రి ఇంట్లో స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

సోషల్ మాస్టారు:
నిన్న చేశాను. అనుకున్నట్టే నెట్ పోయింది, స్క్రీన్‌షాట్లే కాపాడాయి. కొటేషన్ గుర్తుల పాఠం కంటే వేరే సంగతి దగ్గర క్లాసు వేడెక్కింది. దీక్ష ఎన్ని రోజులని అడిగితే ఒక పేజీలో 56, ఇంకోదాంట్లో 58. ఏది రైటో చెప్పమని నా మొహం చూశారు. నేను చెప్పలేదు. మొదలైంది 1952 అక్టోబరు 19న, ఆయన పోయింది డిసెంబరు 15 రాత్రి. ఈ రెండు తేదీల మీద మూడు పేజీలకీ పేచీ లేదు. బోర్డు మీద రాసి లెక్కేయమన్నాను. అక్టోబరులో 13, నవంబరు 30, డిసెంబరు 15.

"మొదటి రోజు కలిపితే 58 సార్, కలపకపోతే 57" అంది వెనక బెంచీ పిల్ల. "మరి 56 ఎవరు లెక్కేశారు సార్?"

బెల్లు కొట్టేశారు. వచ్చే వారం పీరియడ్ దానికే. బయాలజీ మేడమ్, మీ మూడు మాటల పద్ధతి అప్పుడు పెడతాను.